గద్దకి దొరికే థర్మల్ మన గ్లైడర్‌కి ఎందుకు దొరకడం లేదు?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది (థర్మల్ అంటే నేల వేడికి పైకి లేచే గాలి). రాజాం దగ్గర పల్లె. రిమోట్‌తో ఎగరేసే, రెండు మీటర్ల రెక్కల ఫోమ్ మోటార్ గ్లైడర్ మోడల్ కొని ఐదు నెలలైంది. రోజూ పొద్దున్న ఆరున్నరకి, గాలి లేనప్పుడు, ఊరి బయట పొలంలో ఎగరేస్తున్నాడు. ఎక్కించడం, తిప్పడం, దించడం వచ్చేశాయి. కానీ 100 మీటర్లు ఎక్కించి మోటార్ ఆపితే మూడు నిమిషాల్లో కిందికి వచ్చేస్తోంది. "వీడియోల్లో గంటసేపు ఉంచుతున్నారు, మా ఊరి గద్దలు కూడా రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయి. నాకే ఎందుకు రావట్లేదు అన్నా? కార్బన్ రెక్కల మోడల్ కొనాలా, ఎక్కడం దిగడం కూతతో చెప్పే వేరియో పెట్టాలా?" అని ప్రశ్న.

తమ్ముడూ, రెండూ ఇప్పుడే కొనకు. నీ మోడల్ బాగుంది, నువ్వు బాగానే ఎగరేస్తున్నావు. లెక్క చూడు. అలాంటి ఫోమ్ గ్లైడర్ కదలని గాలిలో సెకనుకి సుమారు అర మీటరు దిగుతుంది. 100 మీటర్లకి 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైన కొంచెం. నీకు వస్తున్నది సరిగ్గా అదే. గాలి నీకు ఏమీ ఇవ్వలేదు, నీ దగ్గర ఏమీ లాక్కోలేదు. పొద్దున్న ఆరున్నరకి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు కాబట్టి ఇవ్వలేదు. ఎగరడం నేర్చుకోవడానికి ప్రశాంతంగా ఉన్న పొద్దు మంచిదని అందరం చెప్తాం, నిజమే. కానీ థర్మల్ నేర్చుకోవడానికి ఆ వేళ ఒక్కటీ పనికిరాదు.

నేను విజయనగరంలో హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, అందుకని ఈ ముక్క కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది. రాత్రంతా నేల చల్లారుతుంది. నేలకి ఆనుకున్న గాలి కూడా చల్లారి బరువెక్కుతుంది. దాని పైనున్న గాలి వెచ్చగా ఉంటుంది. చల్లగాలి కింద, వెచ్చగాలి పైన అంటే మూత పెట్టిన గిన్నె లాంటిది, ఏదీ పైకి లేవదు. మన వైపు చలికాలం పొద్దున పొయ్యి పొగ తాటిచెట్టు ఎత్తుకి వెళ్ళి అక్కడే చాపలా పరుచుకోవడం చూశావు కదా, ఆ మూత కనపడేది అక్కడే. సూర్యుడు నేలని వేడి చేసి, నేల గాలిని వేడి చేసి, ఆ మూత కరిగేదాకా ఆగాలి. పైకి లేచే పొడిగాలి ప్రతి 100 మీటర్లకీ దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. అలా చల్లబడ్డాక కూడా చుట్టూ ఉన్న గాలి కన్నా వెచ్చగా ఉంటేనే ఇంకా లేస్తుంది. ఫిబ్రవరిలో మన దగ్గర తొమ్మిదిన్నర దాటితే గాని అది మొదలవదు. పొగ నిటారుగా పైకి పోవడం మొదలైందా, మోడల్ బయటికి తీయి.

గద్దలని చూడు, అవి కూడా ఆరున్నరకి రెక్కలు కొట్టుకుంటూనే ఎగురుతాయి, లేదా కొబ్బరిమట్ట మీద కూర్చుంటాయి. తొమ్మిదికో పదికో ఒకటి లేచి చుట్టు తిరగడం మొదలుపెడుతుంది. నీ గడియారం అదే. నువ్వు చూసిన గద్దలు రెక్క ఆడించకుండా తిరిగింది ఏ వేళకో ఒక్కసారి గుర్తు చేసుకో.

ఇక ఎక్కడ వెతకాలి అన్నది. ఇది మన జిల్లాల్లో చాలా బాగా కనిపించే విషయం, ఎందుకంటే మన నేల అతుకుల బొంతలా ఉంటుంది. సంక్రాంతి వెళ్ళింది, వరి కోతలయ్యాయి. ఒక మడి ఎండిన మోళ్ళతో ఉంటుంది, పక్క మడిలో మినుమో పెసరో పచ్చగా ఉంటుంది, ఆ పక్కన నీళ్ళు కట్టిన మొక్కజొన్న, తర్వాత చెరువు, చెరువు గట్టు మీద తాటిచెట్లు. ఒకే ఎండ అన్నిటి మీదా పడుతుంది, కానీ తడి నేల మీద పడ్డ ఎండలో చాలా భాగం నీళ్ళని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ఎండిన మడి, దున్ని వదిలేసిన మెట్ట, కళ్ళం, ఎర్రమట్టి రోడ్డు, రేకుల షెడ్డు, ఇటుక బట్టీ మాత్రం గాలిని వేడెక్కిస్తాయి. మొక్కజొన్న చేను, చెరువు, మామిడితోట మీద సాధారణంగా గాలి కిందికి దిగుతుంది. కాబట్టి పొలంలోకి వెళ్ళగానే మోడల్ బిగించకు. ఐదు నిమిషాలు నిలబడి ఏది పొడి, ఏది తడి, గాలి ఎటు నుంచి వస్తోంది అని చూసుకో.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. వేడెక్కిన గాలి వెంటనే పైకి లేవదు. ఆకు చివర నీటిచుక్క వేలాడినట్టు నేలకి అంటుకుని ఉంటుంది. దాన్ని కదిలించేది ఏదో ఒకటి కావాలి. మెల్లగా జరుగుతూ వచ్చిన ఆ వేడిగాలి చెట్ల వరసకో గట్టుకో తగిలినప్పుడు, లేదా తడి మడి అంచుకి చేరినప్పుడు ఊడి లేస్తుంది. పొలంలో ట్రాక్టర్ వెళ్ళినా చాలు. అందుకే పొడి మడి నడిమధ్య కాదు, పొడి మడికీ పచ్చ చేనుకీ మధ్య ఉన్న గట్టు పైన, అదీ గాలి పోయే వైపు అంచు పైన వెతుకు. నాకు దొరికిన థర్మల్స్‌లో సగం పైన ఏదో ఒక తాటిచెట్ల వరస దగ్గరే దొరికాయి.

రామతీర్థం గుడి వైపు వెళ్ళినవాళ్ళకి అక్కడి నున్నటి రాతికొండలు తెలుసు. ఆ బండ పొద్దున నెమ్మదిగా వేడెక్కి, సాయంత్రం నేల చల్లబడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. నాలుగు గంటల తర్వాత పొలాల్లో ఏమీ లేనప్పుడు కూడా కొండ వైపు గద్దలు తిరగడం చూశాను. కానీ కొత్తలో కొండ పక్కన ఎగరేయకు. గాలి కొండకి తగిలే వైపు బాగానే ఉంటుంది, కొండ వెనక వైపు మాత్రం గాలి సుళ్ళు తిరిగి మోడల్‌ని నేలకి కొడుతుంది. గుడికి వచ్చే జనం మీదుగా ఎప్పుడూ వద్దు.

ఇప్పుడు గాలిని ఒంటి మీద పట్టుకోవడం. రెండు మీటర్ల వెదురు కర్ర చివర పాత ఆడియో క్యాసెట్ టేప్ ఒక మూర కట్టి గట్టు మీద గుచ్చు. లేస్తున్న థర్మల్ చుట్టుపక్కల గాలిని తన వైపు లాక్కుంటుంది. అందుకని ఆ రోజు వీచే గాలి ఎటు, ఎంత అన్నది ముందు తెలుసుకుని, తేడా వచ్చినప్పుడు చూడాలి. గాలి దక్షిణం నుంచి సన్నగా వీస్తోంది అనుకో. ఉన్నట్టుండి ఆగిపోయిందంటే థర్మల్ నీకు దక్షిణంగా, గాలి వచ్చే వైపు ఉంది. అది గాలిని వెనక్కి లాగుతోంది కాబట్టి నీ దగ్గర ఆగింది. గాలి ఒక్కసారి పెరిగిందంటే థర్మల్ నిన్ను దాటి ఉత్తరానికి వెళ్ళింది. టేప్ తూర్పుకి వంగిందంటే తూర్పున ఉంది. మెడ మీద వెచ్చగా తగిలి, ఆకు కదలకుండా అయిందంటే నీ చుట్టూనే ఉంది, ఇంకాసేపటికి లేస్తుంది. జిల్లేడు కాయలు పగిలే రోజుల్లో వాటి దూది జేబులో పెట్టుకుని ఒక్కొక్కటే వదిలి చూడు, ఎక్కడ లేస్తుందో ఎక్కడ పడుతుందో కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. మా బడి పిల్లలకి కన్వెక్షన్ పాఠం ఇలాగే చెప్తాను.

పక్షుల విషయంలో అన్నిటినీ ఒకేలా నమ్మకు. నల్ల గద్దా, తెల్లతల గరుడ పక్షీ చిన్న థర్మల్‌లో కూడా తిరగగలవు, మన మోడల్‌కి అవే సరైన గురువులు. తేలినీలాపురం గూడబాతులూ, తేలుకుంచి నత్తగుల్ల కొంగలూ వాటి కాలంలో గుంపులుగా చుట్లు తిరుగుతూ లేవడం శ్రీకాకుళం వాళ్ళు చూసే ఉంటారు. గూడబాతు బరువైన పక్షి. అది రెక్క ఆడించకుండా లేస్తోందంటే గాలి గట్టిగా ఉందని అర్థం, అయితే ఆ పక్షుల దగ్గరికి మోడల్‌ని తీసుకెళ్ళకు, ఆ ఊళ్ళ చుట్టుపక్కల అసలే ఎగరేయకు. పశువుల వెంట తిరిగే తెల్లకొంగా, కాకీ రెక్కలు కొట్టుకుంటూ పోయే పక్షులు, వాటిని బట్టి ఏమీ చెప్పలేం. తూనీగలూ వానకోయిలలూ నీ తల మీద గుంపు కట్టాయంటే థర్మల్ ఎత్తుకొచ్చిన పురుగుల కోసం వచ్చాయి, అది మంచి గుర్తు. గద్ద తిరుగుతున్న చోటికి వెళ్ళాల్సి వస్తే అది ఏ వైపు తిరుగుతోందో నువ్వూ అదే వైపు తిరుగు, దానికి ఎదురు వెళ్ళకు. గూడు కట్టే రోజుల్లో అది మోడల్ మీదికి వస్తుంది. అప్పుడు తప్పుకోవాల్సింది మనమే.

ఇంతవరకూ నేల సంగతి. అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు. నీ వీడియో చూశాను. మోటార్ ఆపిన తర్వాత కూడా నీ బొటనవేళ్ళు ఒక్క క్షణం ఆగడం లేదు. మోడల్ కాస్త వంగితే సరిచేస్తున్నావు, ముక్కు కాస్త లేస్తే దించుతున్నావు. ఆ వంగడం, ఆ లేవడం గాలి చెప్తున్న మాటలు. నువ్వు వాటిని పుట్టగానే తుడిచేస్తున్నావు. థర్మల్ నేర్చుకోవడం అంటే నా దృష్టిలో ముందు ఇదే. చేతులు తీసేసి మోడల్‌ని దానంతట అది ఎగరనివ్వాలి, గాలి దాన్ని ఏం చేస్తోందో కళ్ళతో చూడాలి.

దానికి మోడల్ చేతులు వదిలినా తిన్నగా పోయేలా ఉండాలి. నీ ఆరున్నర పొద్దు ఈ పనికి బంగారం. బరువు కేంద్రం, అంటే సీజీ, మోడల్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పిన చోట ఉందో లేదో చూడు. తర్వాత కాస్త ఎత్తులో ముక్కు కొంచెం దించి రిమోట్ స్టిక్ వదిలెయ్. వెంటనే గుర్రంలా తల పైకెత్తేస్తే ముక్కు బరువు ఎక్కువైంది. నెమ్మదిగా, పెద్ద వంపులో పైకి వస్తే సరిగ్గా ఉంది. ఇంకా కిందికి ముక్కు దించుకుంటూ పోతే తోక బరువైంది, వెంటనే లాగి కాపాడుకో, దిగాక బ్యాటరీని కొంచెం ముందుకి జరుపు. బ్యాటరీని ఒకసారికి మూడు నాలుగు మిల్లీమీటర్లకి మించి జరపకు. ముక్కు బరువెక్కువ ఉన్న మోడల్ క్షేమంగా ఎగురుతుంది గాని మొద్దుగా ఉంటుంది, గాలి ఏం చెప్పినా పైకి కనపడనివ్వదు.

రెండోది, మోటార్. దిగిపోతుంటే మోటార్ వేయడం నీకు అలవాటైపోయింది. అది ఉన్నంత కాలం వెతకాల్సిన అవసరం రాదు. ఈ రోజు నుంచి ఒక ఎక్కింపు, ఒక ల్యాండింగ్. 60 మీటర్లకి ఎక్కించు, ఆపు, నేల తాకేదాకా మళ్ళీ ముట్టుకోకు, ప్రమాదం అయితే తప్ప. కదలని గాలిలో 60 మీటర్లకి నీకు రెండు నిమిషాలు వస్తాయి. అది నీ కొలబద్ద. మూడు నిమిషాలు వచ్చిందంటే మధ్యలో ఎక్కడో గాలి నీకు ఒక నిమిషం ఇచ్చింది. ఎక్కడ ఇచ్చిందో గుర్తు తెచ్చుకోవడమే చదువు. నిమిషంన్నరకే దిగిందంటే అది కూడా పాఠమే, గాలి దిగుతున్న చోట తిరిగావు.

ఎక్కించాక గాలికి ఎదురుగా, ముందే అనుకున్న గట్టు వైపు తిన్నగా పంపు. వేళ్ళు స్టిక్ మీద ఆనించి ఉంచు, కదపకు. ఏం చూడాలంటే: తోక కొంచెం లేచి మోడల్ కాస్త వేగం పుంజుకున్నట్టు ఉంటే లేచే గాలిలోకి అడుగుపెట్టింది. ఉన్నట్టుండి మందకొడిగా, వేలాడుతున్నట్టు అయితే దిగే గాలి. ఒక రెక్క లేస్తే థర్మల్ ఆ రెక్క కింద ఉంది. ఇక్కడే అందరం తప్పు చేస్తాం. ఎడమ రెక్క లేస్తే మోడల్ దానంతట అది కుడికి తిరుగుతుంది, అంటే థర్మల్ నుంచి దూరంగా. చూసేవాడికి "కుడికి పోతోంది, పోనీ" అనిపిస్తుంది. లేచిన రెక్క వైపే తిప్పాలి. నాకు ఇది బుర్రకి ఎక్కడానికి ఒక వేసవి పట్టింది.

రెక్క లేవగానే తిప్పేయకు. ఒకటి, రెండు అని లెక్కపెట్టు. చిన్న కుదుపు అయితే ఆ రెండు సెకన్లలో అయిపోతుంది. ఇంకా లేస్తూనే ఉంటే అప్పుడు తిప్పు. 25, 30 డిగ్రీల వంపు పెట్టు, అంతకన్నా పడుకోబెట్టకు, వంపు మారనివ్వకు. సెకనుకి 8 మీటర్ల వేగంతో ఆ వంపులో తిరిగితే చుట్టు వెడల్పు 25 మీటర్లు వస్తుంది, ఒక చుట్టుకి పది సెకన్లు. వేగం 12 అయితే అదే వంపులో వెడల్పు రెండింతల పైన అయిపోతుంది, ఎందుకంటే వెడల్పు వేగం వర్గంతో పెరుగుతుంది. నేలకి దగ్గరగా థర్మల్ సన్నగా ఉంటుంది, పెద్ద చుట్టు అందులో పట్టదు. నెమ్మదిగా తిరగాలి అనేది అందుకే. అలాగని ఎలివేటర్ (ముక్కుని లేపే, దించే తోక పలక) లాగి లాగి స్టాల్ (వేగం పోయి రెక్కలు పట్టు తప్పడం) చేయకు, స్టాల్ అయిన ప్రతిసారీ ఐదారు మీటర్లు పోతాయి.

మొదటి చుట్టు ఎప్పుడూ నడిమధ్య పడదు. ఒక వైపు లేస్తుంది, ఒక వైపు దిగుతుంది. ఏ వైపు బాగుందో నేల మీద ఒక గుర్తుతో పట్టుకో, "పంపు షెడ్డు వైపు" అన్నట్టు. తర్వాతి చుట్టులో ముక్కు షెడ్డు వైపు తిరిగినప్పుడు ఒక్క సెకను వంపు తీసి తిన్నగా పోనిచ్చి మళ్ళీ తిప్పు. చుట్టు అటు జరుగుతుంది. రెండు మూడు సార్లు ఇలా చేస్తే చుట్టంతా లేవడం మొదలవుతుంది. ఆ క్షణం నీకు తెలుస్తుంది, చెప్పక్కర్లేదు. పదిహేనేళ్ళుగా ఎగరేస్తున్నాను, ఇప్పటికీ ఆ క్షణంలో నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అప్పుడు ఇంకో పరీక్ష వస్తుంది. థర్మల్ ఉన్న చోట ఉండదు, గాలితో పాటు పోతుంది. కొత్తవాళ్ళు మోడల్ దూరం పోతోందని భయపడి ప్రతి చుట్టులో కొంచెం తమ వైపు లాక్కుంటారు. నేల మీద చూస్తే చక్కని చుట్టు, కానీ థర్మల్ ఎప్పుడో జారిపోయింది. నువ్వు గాలిలో గుండ్రంగా తిప్పు, నేల మీద అది ఎటు జరిగితే అటు జరగనివ్వు. ఎంతవరకు అన్నది లెక్కతో తేల్చుకో. గాలి సెకనుకి 3 మీటర్లు వీస్తుంటే రెండు నిమిషాల్లో 360 మీటర్లు వెళ్ళిపోయావు. 8 మీటర్ల వేగంతో గాలికి ఎదురు తిరిగి వస్తే నేల మీద నీ వేగం 5 మీటర్లే, అంటే 72 సెకన్లు. కదలని గాలి అయితే 36 మీటర్లు దిగుతావు. కానీ థర్మల్ చుట్టూ దిగే గాలి ఉంటుంది. అది సెకనుకి ఇంకో మీటరు లాగితే 108 మీటర్లు కావాలి. అందుకే వెనక్కి వచ్చేటప్పుడు ఎలివేటర్ ట్రిమ్‌ని, అంటే వేలు తీసినా నిలిచి ఉండే సర్దుబాటుని, రెండు మూడు క్లిక్‌లు దించి వేగంగా రావాలి. వేగంగా వస్తే ఎక్కువ దిగిపోతానేమో అనిపిస్తుంది గాని, దిగే గాలిలో ఉండే సమయం తగ్గడమే లాభం. ఇంటికి రావడానికి సరిపోయే ఎత్తు కంటే సగం ఎక్కువ చేతిలో ఉండగానే బయల్దేరు.

ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. కొత్తలో, నెల్లిమర్ల దాటాక ఒక పొలంలో, మార్చి నెల పదకొండు గంటలకి నా బాల్సా గ్లైడర్ మంచి థర్మల్‌లో పడింది. ఆరేడు నిమిషాలకి చుక్కంత అయిపోయింది. నేను సంతోషంలో ఉన్నాను. ఒక్కసారి కళ్ళార్పి చూసేసరికి అది నా వైపు వస్తోందో అటు పోతోందో తెలియలేదు. టెన్షన్‌లో ఎలివేటర్ పూర్తిగా కిందికి తోశాను. వేగం ఎక్కువై రెక్కలు వణికి, కుడి రెక్క విరిగిపోయింది. చంపావతి ఏటి అవతల ఎక్కడో పడింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. నాలుగో రోజు గొర్రెలు కాసే ఒకాయన ఫోన్ చేశాడు. బ్యాటరీ మూత లోపల నంబరు రాసి ఉంది కాబట్టి చేయగలిగాడు. నువ్వూ ఈ రోజే పర్మనెంట్ మార్కర్‌తో నంబరు రాయి. రెండు రెక్కల కింద వేరువేరు రంగులు వేయి, ఒకటి నల్లగా, ఒకటి ఎర్రపట్టీతో. దూరంలో ఎటు వంగిందో వాటివల్లే తెలుస్తుంది.

థర్మల్ వదలడం లేదనిపిస్తే ముక్కు దించి దూకించకు. పక్కకి తిన్నగా పో, దాని అంచు దాటగానే దిగే గాలి నీకు సాయం చేస్తుంది. ఐలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) ఉన్న మోడల్ అయితే రెండూ పైకి లేచేలా ఒక స్విచ్ పెట్టుకో, రెక్క పట్టు తగ్గించే స్పాయిలర్‌లా పనిచేస్తాయి.

ఎత్తు విషయంలో ఇప్పుడు చట్టం కూడా ఉంది. డ్రోన్ నియమాలు 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే సుమారు 120 మీటర్ల దాకానే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. పనిచేస్తున్న విమానాశ్రయం చుట్టూ 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే, అంతకన్నా దగ్గరైతే అనుమతి లేకుండా కుదరదు. భోగాపురం వైపు వాళ్ళు మరీ జాగ్రత్తగా మ్యాప్ చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకో. ఈ 120 మీటర్ల హద్దు చాలామందికి ఇబ్బందిగా ఉంది. నేర్చుకునేవాడికి మాత్రం మేలే చేస్తుందని నా నమ్మకం. 50 మీటర్ల దగ్గర పట్టుకుని, 110 దగ్గర వదిలి, దిగి, మళ్ళీ ఇంకొకటి పట్టుకుంటే గంటలో నాలుగైదు థర్మల్స్ దొరుకుతాయి. ఒకే థర్మల్‌లో గంటసేపు ఉన్నవాడు ఒక్కసారే వెతికినట్టు. ఒకటి గుర్తుంచుకో, నువ్వు 100 మీటర్లకి ఎక్కించడం వల్ల మిగిలేది 20 మీటర్లే.

మన సముద్రం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సముద్రానికి దూరంగా ఎగరేసేవాళ్ళ వీడియోల్లో ఇది ఉండదు. తీరానికి దగ్గరి ఊళ్ళలో పదకొండు, పన్నెండుకల్లా సముద్రం గాలి లోపలికి వస్తుంది. చల్లటి, బరువైన గాలి. అది రాగానే నేల దగ్గర థర్మల్స్ చచ్చిపోతాయి. కళింగపట్నం, చింతపల్లి బీచ్‌ల వైపు వాళ్ళకి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకానే సమయం. నెల్లిమర్ల దగ్గర నాకు పన్నెండున్నర దాకా ఉంటుంది. మీ రాజాం సముద్రానికి 30 కిలోమీటర్ల పైనే కాబట్టి నీకు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, ఆ విషయంలో నువ్వు అదృష్టవంతుడివి. గాలి తిరిగి దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో నిలకడగా, చల్లగా వీస్తోందంటే ఆ రోజుకి పాఠం అయిపోయింది. అది వచ్చే ముందు ఒక పది నిమిషాలు మాత్రం చల్లగాలి అంచు వెచ్చగాలిని ఎత్తిపోస్తుంది, పొలం మొత్తం లేస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు దొరికితే వదులుకోకు.

నెలలు చెప్పాలంటే జనవరి చివర నుంచి మార్చి చివర దాకా మనకి చాలా మంచి కాలం. ఏప్రిల్, మేలలో థర్మల్స్ గట్టిగా ఉంటాయి గాని కొత్తవాడి చేతికి లొంగవు, సుడిగాలి లేచి కింద పెట్టిన మోడల్‌నే తిరగేస్తుంది. ఎండలో పెట్టిన కారులో లిపో బ్యాటరీ ఉబ్బుతుంది, ఫోమ్ రెక్క వంకరపోతుంది. ఆ రెండు నెలలూ ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఎగరేసి ఇంటికి వచ్చేయి. మధ్యాహ్నం కొండల వైపు మబ్బు కోటలా లేచి అడుగు నల్లబడితే, పైన ఇంకా ఎండ ఉన్నా సరే, దించేయాలి. ఆ మబ్బు కింద గాలి మోడల్‌ని లాక్కుపోతుంది. మన జిల్లాల్లో పొలాల్లో పిడుగులు పడి మనుషులు పోయిన వార్తలు ప్రతి ఏడూ వింటున్నాం. వానాకాలంలో నేల తడి, అయినా రెండు వానల మధ్య ఎండ కాసి తెల్లటి దూదిమబ్బులు కట్టిన రోజుల్లో ఊళ్ళ మీద, రోడ్ల మీద మంచి థర్మల్స్ ఉంటాయి. కానీ దించడానికి పొడి జాగా ఉండదు.

సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడు, మోడల్ సూర్యుడి ముందు నుంచి పోతుందనిపిస్తే చుట్టు వదిలేసినా పరవాలేదు. టోపీ, నల్లద్దాలు, ఒక సీసా చోడి అంబలి ఉండాలి. పొలం రైతుని అడిగే దిగు, మినుము తొక్కకు. కరెంటు తీగల వరస నీ వెనక ఉండాలి గాని నీకూ మోడల్‌కీ మధ్య ఉండకూడదు.

వేరియో సంగతి. మోడల్ ఎక్కుతోందో దిగుతోందో చెవికి కూతతో చెప్పే ఆ చిన్న పరికరం మంచిదే, నా దగ్గర ఉంది. కానీ మొదట్లోనే పెట్టుకుంటే కళ్ళు పని మానేస్తాయి, కూత కోసం ఎదురుచూస్తాం. మోడల్ భంగిమ మారిన తర్వాతే కూత వస్తుంది, కన్ను ముందే పట్టుకోగలదు. ఆరు నెలలు కళ్ళతో నేర్చుకో. తర్వాత కొని శబ్దం ఆపి, ఎత్తు రికార్డు చేయడానికి మాత్రం వాడు. "ఇక్కడ లేచింది అనుకున్నాను, నిజంగా లేచిందా" అని దిగాక గ్రాఫ్‌లో సరిచూసుకో. కార్బన్ మోడల్ కన్నా ముందు, డబ్బు ఉంటే, మీటరు రెక్కల చిన్న డీఎల్‌జీ కొను. రెక్క చివర పట్టుకుని గిర్రున తిరిగి విసిరేది. మోటార్ ఉండదు. పాతిక, ముప్ఫై మీటర్ల ఎత్తులో థర్మల్ దొరకకపోతే అర నిమిషం దాటాక చేతిలోకి వచ్చేస్తుంది. ఒక పొద్దులో నలభై సార్లు విసరొచ్చు, అంటే నలభై సార్లు వెతకొచ్చు. అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్3కే అనే తరగతి ఇదే, అక్కడ రెక్కలు మీటరున్నర దాకా ఉండొచ్చు. నీ మోటార్ గ్లైడర్ లాంటి వాటికి ఎఫ్5జే ఉంది, అందులో మోటార్ 30 సెకన్ల కన్నా ఎక్కువ నడపకూడదు, ఎంత తక్కువ ఎత్తులో ఆపితే అంత మంచిది, ప్రతి మీటరుకీ మార్కులు కోత పడతాయి. ప్రపంచంలో మంచి పైలట్లు తక్కువ ఎత్తులో ఆపడానికి అంత కష్టపడుతున్నారంటే, 60 మీటర్లు చాలు అని నేను చెప్పింది కఠినమేమీ కాదు.

వచ్చే ఆదివారం ఇలా చెయ్. పొద్దున ఏడింటికి సీజీ, ట్రిమ్ చూసుకుని 60 మీటర్ల నుంచి రెండు సార్లు దించి సమయం రాసుకో. తర్వాత మోడల్ నీడలో పెట్టి తొమ్మిదిన్నర దాకా గాలిని చూడు. ఆపైన ఎనిమిది ఫ్లైట్లు, ఒక్కొక్కటీ ఒకే ఎక్కింపు. ప్రతిదానికీ నోట్‌బుక్‌లో ఒక్క వరుస: ఎన్ని గంటలకి, టేప్ ఎటు ఉంది, ఎటు వెళ్ళావు, ఎక్కడ లేచింది, ఎన్ని నిమిషాలు. ఏమీ దొరకని ఫ్లైట్లు కూడా రాయి, అవి రాయకపోతే మిగతావి అర్థం కావు. పొలం బొమ్మ గీసి పొడి మడి, చేను, చెరువు, చెట్లు గుర్తుపెట్టు. ఆ పేజీ ఫొటో తీసి పెట్టు తమ్ముడూ, ఏ గట్టు దగ్గర మొదలుపెట్టాలో చూసి చెప్తాను.